అద్దం ముందు బొమ్మల బండి

రాజరాజేశ్వరి టీచరుకి ఎవరైనా కారణం లేకుండా నవ్వితే అనుమానం. పాలవాడు కొలతకి మించి పోస్తే అనుమానం, తక్కువ పోస్తే ఇంకా అనుమానం. మూడో తరగతి పిల్లలు గోల చెయ్యకుండా కూర్చుంటే, బల్లల కింద ఏం దాచారోనని వంగి చూసేది. నిమ్‌పురా రైల్వే క్వార్టర్లలో, అంత దూరం బెంగాలుకి వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళందరికీ ఆవిడంటే గౌరవమే. కాకపోతే ఆ గౌరవాన్ని కాస్త ఎడంగా నిలబడి చూపించేవాళ్ళు.

ఆ గుణం ఆమెకు పుట్టుకతో రాలేదు. పార్వతీపురంలో ఆమె తండ్రి తాలూకా ఆఫీసులో గుమాస్తా. వారానికోసారి క్యాంపు ఉందని ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బయల్దేరేవాడు. బయల్దేరే ముందు ఏదో కూనిరాగం తీసేవాడు. మిగతా రోజుల్లో ఆయన గొంతులో పాట ఉండేది కాదు. రాజేశ్వరి ఎనిమిదో తరగతిలో ఉండగా ఆయన పోయాడు. పన్నెండో రోజు భోజనాల వేళ సాలూరు నుంచి ఒకావిడ ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి గేటు దగ్గర నిలబడింది. ఆ పిల్లల్లో పెద్దవాడి ముక్కు అచ్చం రాజేశ్వరి ముక్కులాగే ఉంది. తల్లి ఒక్క మాట అనకుండా వాళ్ళకి ఆకులు వేసి వడ్డించింది. రాజేశ్వరి మాత్రం ఆ రోజు నుంచి పాట పాడుతూ గుమ్మం దాటే మగవాణ్ణి నమ్మడం మానేసింది.

అలాంటి మనిషికి చలపతి భర్తగా దొరకడం అదృష్టమనే అందరూ అన్నారు. ఆయన గూడ్సు రైళ్ళ గార్డు. పాడడు, తాగడు, పేకాట ఆడడు. డ్యూటీకి పిలుపు వస్తే ఎర్రజెండా, పచ్చజెండా, లాంతరు ఉన్న పెట్టె మోయించుకుని వెళ్ళడం, తిరిగొచ్చి తిని పడుకోవడం. మాట్లాడితే రెండు మాటలు. పద్నాలుగేళ్ళ కాపురంలో ఆమె ఎంత వెతికినా ఆయనలో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. ఒక్కతే కూతురు, ఉమ.

1986 వానాకాలంలో ఆయన మారడం మొదలుపెట్టాడు.

వంటింట్లోంచి పిలిస్తే పలకడం మానేశాడు. వీధిలో తెలిసినవాళ్ళు కేకేస్తే తల తిప్పకుండా పోయేవాడు. అదే ఆమె ఎదురుగా వచ్చి నిలబడి మాట్లాడితే మాత్రం కళ్ళార్పకుండా ఆమె ముఖంలోకి చూసేవాడు. పెళ్ళయిన కొత్తలో కూడా ఆయన అలా చూసి ఎరగడు. తప్పు చేసినవాడు ఎదుటివాళ్ళకి ఎంతవరకు తెలిసిపోయిందో కనిపెట్టడానికి అలా చూస్తాడు. తరగతిలో రోజూ ఆమె చూస్తున్నదే అది.

అన్నిటికన్నా ఆమెను కుంగదీసింది కరెంటు పోయే సాయంత్రాలు. అంతకుముందు కరెంటు పోతే ముగ్గురూ వరండాలో చాప వేసుకునేవాళ్ళు. ఉమ స్కూలు కబుర్లు చెప్పేది. చీకట్లో ఎందుకో చలపతికి కూడా మాటలు వచ్చేవి. భద్రక్‌లో రైలు సిబ్బంది దిగే రన్నింగ్ రూము వంటవాడి సంగతో, దారిలో బండి కింద పడబోయి బతికిన మేక సంగతో చెప్పి నవ్వించేవాడు. ఇప్పుడు దీపం ఆరగానే "తలనొప్పిగా ఉన్నాది" అని లోపలికి పోయి గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఆమె పక్కన కూర్చుని ఏదైనా అడిగినా జవాబు ఉండేది కాదు. తన గొంతు వినడానికి కూడా ఈయనకి ఇష్టం లేకుండా పోయిందా అనుకునేది.

ఇంతలో ఆ పాట వచ్చింది.

అది తెలుగువాళ్ళెవరికైనా తెలిసిన పాతపాట. వాళ్ళ చిన్నతనంలో వచ్చిన సినిమాలోది. ఆ సినిమా పేరు అడిగితే పది మంది పది పేర్లు చెబుతారు, కథ ఒక్కడికీ గుర్తులేదు. పాట మాత్రం చావలేదు. "బొమ్మల బండీ వచ్చింది పిల్లా, బుగ్గన సొట్టా పడ్డాది పిల్లా" అని ఎత్తుకుంటే పసిపిల్ల దగ్గర్నుంచి పెన్షన్ తీసుకునే ముసలాయన దాకా కాలు కదిలిస్తారు. వినాయక చవితి మైకులో అదే, పెళ్ళి బ్యాండులో అదే. పూరీ గేట్ దగ్గర టీ కొట్టు బెంగాలీ దాదాకి తెలుగు ముక్క రాదు గాని, గ్లాసులు కడుగుతూ ఆ వరస ఈలలో వేస్తాడు. రాజేశ్వరికి ఆ పాట మొదటి నుంచీ నచ్చదు. దాంట్లో ఏముందని ఇంత సంబరం? బండి వచ్చింది, సొట్ట పడింది. అంతే కదా. కారణం చెప్పకుండా అంత సంతోషంగా ఉండే పాటని ఎలా నమ్మడం అనేది.

దసరా సెలవుల్లో ఒక ఉదయం ఆమె బజారు నుంచి అనుకున్నదానికన్నా ముందే ఇంటికి వచ్చింది. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల చలపతి బీరువా అద్దం ముందు నిలబడి ఉన్నాడు. తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, అద్దంలో తనని తాను చూసుకుంటూ పాడుతున్నాడు. "బొమ్మల... బండీ... వచ్చింది పిల్లా..." ఒక్కొక్క మాటకీ నోరు సాగదీసి, పెదాలు గుండ్రంగా చుట్టి, మళ్ళీ మొదలుపెట్టి. శ్రుతి లేదు, తాళం లేదు.

ఆమె కూరల సంచి నేల మీద పడేసింది. ఆయన ఆగలేదు. ఆమె రెండడుగులు లోపలికి వేసి అద్దంలో కనబడ్డాక, ఉలిక్కిపడి తిరిగాడు.

"ఏటండీ ఇది?"

"ఏటీ లేదే. ఊరికే."

"పద్నాలుగేళ్ళలో ఊరికే ఒక్కసారీ పాడినట్టు లేదు?"

"మాతాపూజ పందిరి మైకులో ఇన్నాను. నోట్లో తిరుగుతున్నాది." ఆయన చెప్పులు తొడుక్కుని వీధిలోకి వెళ్ళిపోయాడు.

ఆమె ఆయన చొక్కాలన్నీ తీసి వాసన చూసింది. బొగ్గు వాసన, కలరా ఉండల వాసన తప్ప ఏమీ లేదు. ఏమీ దొరకకపోవడం ఆమెకు ధైర్యం ఇవ్వలేదు. తండ్రి చొక్కాల్లో కూడా తల్లికి ఎప్పుడూ ఏమీ దొరకలేదు.

పక్క క్వార్టరు జోగమ్మ పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ భార్య. మలంచాలో చెల్లెలి ఇంటికి పోయి వస్తుండేది. దీపావళి అయిన తర్వాత ఒకరోజు గోడ మీదుగా గొంతు తగ్గించి అంది. "టీసరమ్మా, ఒక మాట సెప్తాను, కోపం తెచ్చుకోకు. మీ ఆయన్ని మలంచాలో సూసినాను. హోమియో డాకటరు ఇంటి మేడమెట్లు ఎక్కుతున్నాడు. కింద డాకటరు గది తాళం ఏసున్నాది. పైన ఎవరో బెంగాలీ దీదీ ఉంటాది."

"ఒంట్లో బాగులేదేమోలే," అంది రాజేశ్వరి, ముఖం మారకుండా.

"అదే అనుకున్నాను. మరి మా సెల్లి కూడా రెండుమాట్లు సూసినాదంట. తాళం ఏసున్నప్పుడే ఎల్తాడంట."

ఆ సాయంత్రం ఆమె ఆయన ఎదురుగా కూర్చుని మామూలుగా అడిగింది. "మలంచా వైపు ఎప్పుడైనా వెళ్తున్నారా?"

ఆయన ఆమె పెదాల వంకే చూస్తూ, "నాకక్కడ ఏటి పని? యార్డులోనే లేటయిపోతున్నాది," అన్నాడు.

పద్నాలుగేళ్ళుగా వెతుకుతున్న అబద్ధం దొరికింది.

మరో వారానికి ఆయన ఉతికిన చొక్కా వేసుకుని బయటికి వెళ్ళగానే, ఉమని జోగమ్మ ఇంట్లో కూర్చోబెట్టి రిక్షా ఎక్కింది. ఇంకా వెలుతురు ఉంది. మలంచా రోడ్డు మీద బస్సులు, ఆటోలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. హోమియో డాక్టరు ఇంటి గదికి నిజంగానే తాళం వేసి ఉంది. ఎదురుగా ఉన్న కిరాణా కొట్టు అరుగు మీద నిలబడి ఆమె పైకి చూసింది. కిటికీ తెరిచే ఉంది. అక్కడి నుంచి ఒక ఆడగొంతు వినబడింది. బొమ్మల బండి పాట. మాటలు బెంగాలీ యాసలో ముద్దముద్దగా ఉన్నాయి గాని, పాట అదే. మధ్యలో ఆ గొంతు నవ్వింది.

రాజేశ్వరి మెట్లెక్కింది. తలుపు ఓరగా ఉంది. ఒకావిడ వీపు కనబడుతోంది, తల మీద కొంగు కప్పుకుని ఉంది. ఆమెకు ఎదురుగా కుర్చీలో చలపతి. ఆయన కుడిచెయ్యి ఆవిడ గొంతు మీద ఉంది.

"ఏవండీ!"

ఆయన కదల్లేదు. తల కాస్త పక్కకి వంచి ఆవిడ ముఖంలోకే చూస్తున్నాడు.

"ఏవండీ, మిమ్మల్నే!"

పిల్లలు స్కూలు గంట దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చే గొంతు అది. కింద కొట్లో బేరం ఆగిపోయింది. చలపతి మాత్రం చెయ్యి తియ్యలేదు. ఆవిడే వెనక్కి తిరిగింది. కొంగు జారింది. జుట్టు పూర్తిగా తెల్లబడిపోయింది. అరవై దాటి ఉంటుంది, ముఖమంతా ముడతలు. రాజేశ్వరిని ఎగాదిగా చూసి, "ఆప్నీ ఓనార్ స్త్రీ?" అని అడిగింది. మీరు ఆయన భార్యా అని.

అప్పటికి చలపతి కూడా తలెత్తి చూసి కుర్చీలోంచి లేచాడు.

"ఈయన చెవులు పోతున్నాయి, మీకు చెప్పలేదా?" అంది ఆవిడ హిందీలో. "కుడిచెవి పోయింది. ఎడమది సగం ఉంది. నేను కలకత్తాలో చెవిటి పిల్లల బడిలో పాఠం చెప్పేదాన్ని. పెదాలు చూసి మాట పోల్చుకోవడం నేర్పిస్తున్నాను. గొంతు మీద చెయ్యి పెడితే మాట కదలిక తెలుస్తుంది."

ఆవిడ పేరు శేఫాలీ. డాక్టరు అక్కగారు. చలపతి మొదట వైద్యానికే వచ్చాడట. గుళికలతో ఇది తగ్గేది కాదని తమ్ముడు చెప్పలేకపోతుంటే ఆవిడే చెప్పిందట. నీకు నిద్రలో లేపినా తప్పు లేకుండా వచ్చే పాట ఏదైనా ఉందా అని అడిగితే, ఆయన చాలాసేపు ఆలోచించి ఇదొక్కటే అన్నాడట. మాటలు ముందే తెలిసిన పాటైతే, ఏ మాటకి పెదవి ఎలా కదులుతుందో అద్దంలో చూసి పట్టుకోవడం తేలిక. ఆవిడ ఆ పాట మాటలు బెంగాలీ అక్షరాల్లో రాసుకుని నేర్చుకుంది. ముందు గొంతెత్తి పాడి, తర్వాత గొంతు లేకుండా పెదాలతో పాడుతూ ఎక్కడో ఆపుతుంది. ఎక్కడ ఆపిందో ఆయన చెప్పాలి. ప, బ, మ అనే మూడు అక్షరాలూ పెదాల మీద ఒకేలా ఉంటాయి. పిల్లా అన్నదీ, బిల్లా అన్నదీ, మిల్లా అన్నదీ తేడా తెలియదు. ఆ తేడా పట్టుకోలేక ఇద్దరూ నవ్వుకుంటున్నారట.

రాజేశ్వరి అంతా విని ఒక్క ముక్క కూడా నమ్మలేదు. నమస్కారం పెట్టి మెట్లు దిగింది. చలపతి వెనకాలే దిగాడు.

అప్పటికి చీకటి పడుతోంది. ఆమె మాట్లాడకుండా ముందు నడుస్తోంది. కొంతదూరం పోయాక ఒక మిఠాయి కొట్టు ముందు, బల్బు వెలుగు పడుతున్న చోట, ఆయన ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"తిట్టాలనుంటే ఇక్కడ తిట్టే. ఇక్కడ ఎలుతురుంది."

ఆమె ఆయన ముఖం చూసింది. తిట్లు రాలేదు. కరెంటు పోయిన సాయంత్రాలు గుర్తొచ్చాయి. అయినా లోపల ఏదో మూల ఇంకా నమ్మకం కుదరలేదు. రిక్షాలో పక్కపక్కనే కూర్చుని, ముఖాలు కనబడని చీకట్లో, ఇద్దరూ మాటల్లేకుండా ఇల్లు చేరారు.

మర్నాడు పొద్దున్న ఆయన డ్యూటీకి బయల్దేరుతూ స్టూలు మీద కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు. ఆమె వెనక నిలబడి, మామూలు గొంతుతో, "మీ అమ్మ పోయిందని టెలిగ్రాం వచ్చింది," అంది.

ఆయన ఒక తాడు ముడి వేసి రెండోది అందుకున్నాడు. ఆ ముడి కూడా వేశాడు. లేచి తిరిగి, ఆమె కళ్ళల్లో నీళ్ళు చూసి, "ఏటయినాదే?" అన్నాడు కంగారుగా.

ఆమె ఏమీ లేదని తల అడ్డంగా తిప్పింది. ఏ టెలిగ్రామూ రాలేదు. ఆ క్షణంలో నమ్మింది.

కొన్నాళ్ళు ఆమె కోపం మరోవైపు తిరిగింది. "ఎవరో పరాయి ఆవిడకి చెప్పుకున్నారు. నాకెందుకు చెప్పలేదు?"

"నీకు సెప్తే ఊరుకుంటావా? డాక్టరు దగ్గరికి లాక్కుపోతావు. ఆయన గార్డు పనికి పనికిరావని రాసేస్తాడు." ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. "ఆవిడికి నామీద అనుమానం లేదు. ఆవిడికి సెప్పడం సులువు."

ఆ మాట ఆమెకు చాలాకాలం గుచ్చుకుంటూనే ఉంది. తనకి తెలియకుండా, చెబితే ఏం చేస్తుందోనని ఆయన కూడా తనని అనుమానిస్తూనే ఉన్నాడన్నమాట.

అసలు భయం తర్వాత మొదలైంది. గూడ్సు రైలు చివరి పెట్టెలో గార్డు ఒక్కడే ఉంటాడు. ఇంజను ఎక్కడో ముందు ఉంటుంది. డ్రైవరు కూత వేసి చెబుతాడు, గార్డు విని జెండాతోనో దీపంతోనో బదులిస్తాడు. ఆ కూత వినబడని మనిషి ఆ చివరి పెట్టెలో ఉన్నాడని ఇప్పుడు ఆ క్వార్టర్లన్నిటిలో ఆమెకొక్కదానికే తెలుసు. యార్డులో ఏ ఇంజను కూసినా ఆమె చేతిలో పని ఆగిపోయేది.

"మీరే వెళ్ళి చెప్పండి," అంది. లాంతరు మధ్యలో పెట్టుకుని, మాట మాటా ఆయనకి కనబడేట్టు, పోట్లాడుకున్నారు. ఉమ పక్కగదిలో పుస్తకం ముందేసుకుని కూర్చుంది.

"ఇంకో ఏడాది దాకా మెడికల్ పరీక్ష లేదు. ఈలోపల పెదాలు బాగా పట్టుబడిపోతాయి."

"కూతకి పెదాలుంటాయేటండీ?"

"నువ్వెళ్ళి ఆఫీసులో సెప్పినావంటే నాను ఇంటికి రాను," అన్నాడు ఆయన.

ఆమె చెప్పలేదు. చెప్పలేనందుకు తనమీద తనకే నమ్మకం పోయింది.

1987 ఎండాకాలం మొదట్లో ఒక ఆదివారం విల్‌ఫ్రెడ్ వాళ్ళింటికి వచ్చాడు. ఆయన ఆంగ్లో ఇండియన్ డ్రైవరు, చలపతితో ఎన్నో ఏళ్ళు బండ్లు నడిపినవాడు. ప్రార్థన ముగించుకుని చర్చి నుంచి తిన్నగా వచ్చాడు, టోపీ చేతిలోనే ఉంది. చలపతి ఇంట్లో లేడని తెలిసే వచ్చాడు.

"దేఖో అమ్మా, తప్పుగా అనుకోవద్దు. చలపతి తాగుతున్నాడా?"

రాజేశ్వరి ఆయనకి కుర్చీ చూపించి, తనూ ఎదురుగా కూర్చుంది.

"మొన్న మధ్యలో బండి ఆపినాను. ఒక వాగన్ చక్రం వేడెక్కి పొగ వస్తున్నది. గార్డుని పిలిచే కూత వేసినాను. మళ్ళీ వేసినాను. జవాబు లేదు. అసిస్టెంటు బండి పొడుగునా నడిచి పోయి చూస్తే, కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. అడిగితే నిద్రపట్టినాది అన్నాడు. కళ్ళు తెరుచుకుని నిద్ర ఎవరికి పడుతుందమ్మా? నాను ఇంకా ఎవరికీ చెప్పలేదు. కానీ తాగుబోతు గార్డుని వెనక పెట్టుకుని నాను బండి నడపను."

తాగుబోతు అన్న మాటని కాదనకుండా వదిలెయ్యవచ్చు అనుకుంది. నాలుగు రోజులు చెడ్డపేరు, ఒక మందలింపు, అంతటితో పోతుంది. ఆమె టోపీ వంక చూస్తూ కూర్చుంది. తర్వాత లేచి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, "ఆయన తాగరు. ఆయనకి వినబడదు," అంది.

విల్‌ఫ్రెడ్ నీళ్ళు తాగకుండా గ్లాసు పట్టుకునే ఉండిపోయాడు. "ఎన్నాళ్ళ నుంచి?" అని మాత్రం అడిగాడు. ఆమె చెప్పింది. ఆయన శిలువ గుర్తు వేసుకున్నాడు.

"రేపు ఆయన తనంతట తాను హాస్పిటల్‌కి పోవాలి. పోకపోతే ఎల్లుండి నాను పోతాను. చెప్పు."

చలపతి వచ్చాక ఆమె ఆయన్ని వెలుగులో కూర్చోబెట్టి, తను చేసిన పని చెప్పింది. ఒక్క మాట కూడా మింగకుండా, పెదాలు కదిలేట్టు చెప్పింది. ఆయన అంతా చదివాడు. కోపం వస్తుందనుకుంది. ఆయన రెండు చేతులతో ముఖం కప్పుకుని, "ఆ కూత ఏసినాడని నాకు తెలీనే తెలీదే," అన్నాడు. "ఆ అసిస్టెంటు పిల్లాడు వచ్చి నా బుజం తట్టినప్పుడు సచ్చిపోతానేమోననుకున్నాను. బండి గుద్దుకునున్నా నాకు ఇనబడదు కదా అనుకున్నాను."

మర్నాడు ఇద్దరూ కలిసి రైల్వే ఆసుపత్రికి వెళ్ళారు. గార్డు పనికి తగడని రాశారు. కొన్ని నెలలు ఖాళీగా కూర్చోబెట్టి, చివరికి గార్డులకీ డ్రైవర్లకీ లాంతర్లూ జెండాలూ ఇచ్చే స్టోరులో వేశారు. జీతం తగ్గింది. తనతో తిరిగినవాళ్ళకే తను లాంతరు తుడిచి ఇవ్వడం మొదట్లో ఆయనకి చాలా కష్టమైంది. కొందరు ఎదురుగానే వెటకారాలు ఆడేవాళ్ళు, వినబడదు కదా అని. పెదాలు చదవగలడని వాళ్ళకి తెలియదు. ఆయన ఇంటికొచ్చి ఆ మాటలన్నీ వరసగా అప్పజెప్పేవాడు. రాజేశ్వరి ఎవరెవరో పేర్లు గుర్తుపెట్టుకునేది.

ఎడమచెవి కూడా 91 నాటికి పూర్తిగా పోయింది. శేఫాలీ దీదీ అప్పటికే రాజేశ్వరికి కూడా పాఠాలు చెప్పింది. ఎలా మాట్లాడాలి, ఎక్కడ నిలబడాలి, నోటికి చెయ్యి అడ్డు పెట్టకుండా ఎలా ఉండాలి, అవన్నీ. రోజూ సాయంత్రం ఆమె ఆయన ఎదురుగా కూర్చుని ఆ పాటే పాడేది. నచ్చని పాటని అన్నిసార్లు పాడాక, అది ఎందుకు చావలేదో ఆమెకు కొద్దికొద్దిగా తెలిసొచ్చింది. దాంట్లో కష్టమైన మాట ఒక్కటీ లేదు. ఊపిరి చాలని చోటు లేదు. దిగులుగా పాడదామన్నా ఆ వరస ఒప్పుకోదు, పెదాలు వాటంతటవే సాగి నవ్వులాగా తయారవుతాయి. చలపతి ఆ నవ్వుని నిజమే అనుకుని తిరిగి నవ్వేవాడు. తను నిజంగా నవ్వలేదని చెప్పాలనుకునేది, చెప్పేది కాదు.

అయినా ఆమె గుణం పోలేదు. వీధిలో ఎవరైనా ఆయన్ని చూసి నోరు కదిలిస్తే, "ఏమన్నాడు?" అని వెంటనే అడిగేది. ఆయన "ఏటీ అనలేదు," అంటే నమ్మేది కాదు.

1994 ఉగాదికి రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో పాటల కార్యక్రమం పెట్టారు. ఇంజనీరింగ్ చదవడానికి ఆంధ్రా నుంచి వచ్చిన పిల్లలు కీబోర్డు, డ్రమ్ములు తెచ్చారు. వసంత అనే అమ్మాయి మైకు పట్టుకుని, "ఇది మా అమ్మమ్మకి కూడా ఇష్టం," అని బొమ్మల బండి ఎత్తుకుంది. హాలంతా ఈలలు. ముందు వరసలో చలపతి ఆ అమ్మాయి పెదాలు చూశాడు. ఏ పాటో తెలిసిపోయింది. ఆయన కూడా పాడడం మొదలుపెట్టాడు, గట్టిగా. తన గొంతు ఎంత గట్టిగా ఉందో ఆయనకి తెలియదు.

పిల్లలు ఇప్పటి పద్ధతిలో వేగంగా వాయిస్తున్నారు. చలపతి తలలో ఉన్న పాట మాత్రం పాతకాలపు నడకలోనే ఉంది. ఆయన మొదటి చరణంలో ఉండగా వాళ్ళు రెండోదానికి పోయారు. వెనక వరసలవాళ్ళు మెడలు సాచి చూశారు. "తాగినాడేటి?" అని ఎవరో అన్నారు. రాజేశ్వరికి ఒళ్ళు మండింది. ఆయన మోచెయ్యి పట్టుకుని ఆపబోయింది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఇక పెదాలు కూడా చూడడం లేదు. ఆమె చెయ్యి తీసేసి, ఆయన నడకలోనే గొంతు కలిపింది.

స్టేజీ మీద వాద్యాలు ముందే ఆగిపోయాయి. ఇంకా ఒక చరణం మిగిలి ఉంది. శ్రుతి తప్పిన ఇద్దరు నడివయసు మనుషులు ఆ నిశ్శబ్దంలో దాన్ని చివరిదాకా పాడారు. వసంత మైకు కిందికి దించి వింటూ నిలబడింది. అయిపోయాక చప్పట్లు వచ్చాయి. రాజేశ్వరి వరస వరసా ముఖాలు చూసింది. ఎవరు మెచ్చుకుని కొడుతున్నారో, ఎవరు వెటకారానికి కొడుతున్నారో ఆమెకు తేలలేదు. చలపతి కళ్ళు తెరిచి, "నాతో నువ్వూ పాడినావేటి?" అన్నాడు ఆశ్చర్యంగా.

"పాడాను. మీకన్నా నయంగానే పాడాను."

ఆ వారంలోనే సుందర్ రాజు అనే మనిషి వాళ్ళ వరండా ముందు వచ్చి నిలబడ్డాడు. ముప్ఫయ్యేళ్ళు ఉంటాయి. వర్క్‌షాపులో రేకులు కొట్టే విభాగంలో పని. రోజంతా సుత్తుల మోత మధ్య ఉండి చెవులు దెబ్బతిన్నాయి. ఉగాది నాడు హాల్లో చూసి, చలపతి సంగతి ఎవరినో అడిగి తెలుసుకున్నాడట.

"టీచరుగారూ, పెదాలు సూసి మాట తెలుసుకోడం నేర్పిస్తారేటి? ఎవరికీ తెలీకుండా వచ్చి పోతాను."

రాజేశ్వరి ఆయన్ని తల నుంచి కాళ్ళ దాకా చూసింది. ఉతికిన చొక్కా, దువ్విన తల.

"మీ ఆవిడకి చెప్పారా?"

సుందర్ రాజు తల అడ్డంగా ఊపాడు. "అది ఊరుకోదండీ."

"ఊరుకోకపోతే పోట్లాడుతుంది. పోట్లాడనివ్వండి. ముందు ఆవిడకి చెప్పి, ఆవిణ్ణి తీసుకుని రండి. ఒంటరిగా వస్తే గుమ్మం ఎక్కనివ్వను."

ఆయన గేటు దగ్గర కాసేపు తటపటాయించాడు. చలపతి లోపల్నుంచి వచ్చి, ఇద్దరి పెదాలూ మార్చి మార్చి చూసి, వచ్చినాయనకి కుర్చీ వేశాడు. రాజేశ్వరి ఆ కుర్చీ వెనక్కి లాగేసింది. సుందర్ రాజు సైకిలెక్కి ఇంటికి వెళ్ళాడు. మరుసటి ఆదివారం భార్యాభర్తలిద్దరూ వచ్చారు. ఆవిడ వచ్చీ రావడంతోనే, "ఈయన సెప్పేది నిజమేనా అమ్మా?" అని అడిగింది.